కూనిరాగం తీసే చొక్కాలు

పొద్దున్నే భర్త బస్సు డ్యూటీకి బయలుదేరగానే ఆమె స్నానాల గది కిటికీకి నల్ల గుడ్డ కట్టేది. బకెట్లూ చెంబులూ బయటికి వచ్చేసేవి, చెక్క ఫ్రేములు లోపలికి వెళ్లేవి. అందుకే ఆ ఇంట్లో స్నానాలన్నీ ఏడింటికల్లా అయిపోవాలి. ఆలస్యమైతే సాయంత్రం దాకా ఆగాల్సిందే. ఈ ఏర్పాటు మీద అత్తగారికి పెద్ద ఫిర్యాదే ఉండేది.

"డెబ్బై రెండేళ్లు వచ్చాయి. నా స్నానానికి ఇంకొకరు గంట కొట్టడం ఇప్పుడే చూస్తున్నా."

"కొన్నాళ్లే అత్తయ్యా. కాస్త నిలదొక్కుకుంటే డాబా మీద రేకుల షెడ్డు వేయించుకుందాం."

"అందాకా నేనుంటే, దాని ప్రారంభోత్సవం నా స్నానంతోనే చేయిద్దువులే."

వీధిలో అందరూ కోడల్ని సూపర్‌వైజరమ్మ అనే పిలిచేవాళ్లు. బట్టల ఫ్యాక్టరీ మూతపడి ఏడాది దాటినా ఆ పేరు మాత్రం వదల్లేదు. పనితో పాటు పేరు కూడా పోయుంటే బాగుండేదని ఆమెకు చాలాసార్లు అనిపించేది. ఎందుకో ఎవరికీ చెప్పేది కాదు.

చొక్కాల మీద బొమ్మలు అచ్చేసే విభాగంలో ఆమె పదకొండేళ్లు ఉంది. అయితే అక్కడ ఆమె పని చూడటం, చేయడం కాదు. ఇంట్లో మొదలుపెట్టాక గానీ ఆ రెండూ ఒకటి కావని తెలిసి రాలేదు. ఫ్రేముకి సన్నటి జల్లెడ గుడ్డ బిగించాలి. వెలుతురు తగిలితే గట్టిపడే మందు దాని మీద చీకట్లో పూసి ఆరబెట్టాలి. నల్లగా గీసిన బొమ్మ దాని మీద పెట్టి ఎండ చూపిస్తే, బొమ్మ కింద మందు మెత్తగా ఉండిపోతుంది, మిగతాది రాయిలా బిగుస్తుంది. నీళ్లు కొడితే మెత్తగా ఉన్నంత మేరా కరిగి దారి ఇస్తుంది. ఆ దారిలోంచే రంగు చొక్కా మీదికి దిగాలి. చెప్పడానికి ఇంతే.

మొదటిసారి ఎండ చాలలేదు. నీళ్లు కొట్టగానే బొమ్మతో సహా మందంతా తూములోకి పోయింది. రెండోసారి ఎండ ఎక్కువై, ఎంత రుద్దినా బొమ్మ తెరుచుకోలేదు. మూడోసారి అన్నీ కుదిరాయి గానీ, అత్తగారి తలగడ గలీబు మీద అక్షరాలు ఎడమవి కుడికి, కుడివి ఎడమకి పడ్డాయి.

"ఇది చదువుకోవాలంటే అద్దం పక్కన పెట్టుకుని పడుకోవాలా?" అంది అత్తగారు.

నాలుగోసారి భర్త బనీను బలైంది. లోపల అట్ట పెట్టడం మరిచిపోవడంతో రంగు ఇవతలి నుంచి అవతలికి దిగి, ముందూ వెనకా అతుక్కుపోయాయి. ఆయన పాపం దాన్ని విడదీసుకుని తొడుక్కుని, "గాలి బాగానే ఆడుతోంది" అని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇంట్లో గలీబులన్నీ అయిపోయేసరికి పని చేతికి వచ్చింది.

మొట్టమొదట సరిగ్గా కుదిరింది ఒక పసివాడి తెల్ల చొక్కా. కింది వాటాలో ఉండే నర్సు కొడుకుది. వాడికి ఎనిమిది నెలలు. పొట్ట మీద చిన్న పడవ బొమ్మ వేసింది. రంగు లాగడానికి రబ్బరు పట్టీ ఉన్న చెక్క పిడి వాడతారు, స్క్వీజీ అంటారు దాన్ని. ఆమె దగ్గరున్నది ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న పాతది. బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉండేది. దాంతో ఒక్క లాగు లాగితే పడవ నీలంగా, అంచు చెదరకుండా దిగింది. ఆరాక, రంగు నిలవడానికి పైన గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనించింది.

వేడి తగలగానే చొక్కా కూనిరాగం తీసింది.

మాటల్లేవు. పెదవులు మూసుకుని, పనిలో పడిపోయిన మనిషి తనకు తెలియకుండా తీసే రాగం.

అత్తగారు చెవి రిక్కించి వింది. "గొంతు బాగుంది. కింది స్వరం కాస్త తేలిపోతోంది. ఇంకొక్క ఇస్త్రీ పెట్టు," అంది.

చొక్కా మీద కప్పిన గుడ్డ కమురు వాసన వచ్చేదాకా ఇస్త్రీ పెట్టె అక్కడే ఉండిపోయింది.

నర్సు కొడుకు సాయంత్రమైతే గుక్కపట్టి ఏడ్చేవాడు. ఆ చొక్కా తొడిగిన రోజు, ఒంటి వెచ్చదనానికి అది రాగం అందుకోగానే తన పొట్ట కేసి చూసుకుంటూ నిద్రపోయాడు. నర్సు తన తోటివాళ్లకు చెప్పింది, వాళ్లు ఇంకొందరికి చెప్పారు. రెండు నెలలు తిరిగేసరికి ఆ చుట్టుపక్కల వీధుల్లో పసిపిల్లలకు, పరీక్షలు రాసే పిల్లలకు, ఒంటరిగా వంట చేసుకునే పెద్దవాళ్లకు అవే చొక్కాలు. తన బస్సులో అలాంటి చొక్కాలు రెండు ఎక్కితే, నాలుగు స్టాపులు దాటేలోపు రెండూ ఒక శ్రుతిలోకి వచ్చేస్తాయని భర్త చెప్పేవాడు. ఎవరూ దాన్ని వింతనుకోలేదు. కొన్ని బట్టలు రంగు వదులుతాయి, కొన్ని ముడుచుకుపోతాయి, ఇవి రాగం తీస్తాయి. అంతే.

ఆ గొంతు ఎవరిదో మాత్రం ఆమె ఒక్కదానికే తెలుసు.

ఫ్యాక్టరీలో పాటలమ్మ అని ఒకామె పనిచేసేది. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. స్క్వీజీ లాగడానికి ఒక ఊపు ఉండాలి. మెల్లగా లాగితే రంగు ముద్ద కడుతుంది, గబుక్కున లాగితే అంటదు. ఆ ఊపు పాటలమ్మ కూనిరాగంలో ఉండేది. ఆమెతో కలిపి ఆ హాల్లో అచ్చేసేవాళ్లూ కాజాలు కుట్టేవాళ్లూ పద్దెనిమిది మంది ఆడవాళ్లు ఆ రాగానికే చేతులు ఆడించేవాళ్లు.

మూడేళ్ల క్రితం ఒక ఉదయం పాటలమ్మ ఫ్రేము పైకెత్తి చూసి, "అక్కా, ఈ మూల వెలుతురు కనిపిస్తోంది. సూదిబెజ్జమంత ఉంది. ఒకసారి చూస్తావా?" అని అడిగింది.

చూడాల్సింది సూపర్‌వైజరే. చూసి, చీటీ మీద సంతకం పెట్టాలి. ఆ రోజు ఆమె తొందరలో ఉంది. ఇప్పుడున్న ఈ వాటా చూసుకోవడానికి ఇంటివాళ్లు రమ్మన్నారు. "ఏం కాదులే, కానివ్వు," అని చూడకుండానే సంతకం గీకి వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఎనిమిది వందల తెల్ల చొక్కాల మీద, జేబు కిందుగా, ఆవగింజంత నల్ల మచ్చ పడింది. వారం తిరక్కుండా సరుకంతా వెనక్కి వచ్చింది. మేనేజరు ఇద్దర్నీ పిలిపించాడు.

"నేను చూసినప్పుడు బాగానే ఉంది సార్," అంది ఆమె. అక్కడితో ఆగినా సరిపోయేది. నరం లేని నాలుక, ఇంకాస్త ముందుకెళ్లింది. "ఆవిడకి పాట మీద ఉన్న ధ్యాస పని మీద ఉండదు సార్."

పాటలమ్మ ఆమె వైపు చూసింది. తిట్టినా, జుట్టు పట్టుకున్నా ఈపాటికి మరిచిపోయేదేమో. మధ్యాహ్నానికల్లా పాటలమ్మను పంపించేశారు. ఆ నెల అందరికీ రావాల్సిన బోనసు ఆపేశారు. మిగిలిన పదిహేడు మందీ, ఆ పాటలే మన కొంప ముంచాయని తీర్మానించుకున్నారు. ఆ తర్వాత ఆ హాల్లో ఎవరూ రాగం తీయలేదు. ఫ్యాక్టరీ వేరే ఊరికి తరలిపోయిన రోజు, పాత సామాను ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోమంటే, అందరూ కత్తెర్లకీ కుర్చీలకీ ఎగబడ్డారు. ఆమె మాత్రం పాటలమ్మ స్క్వీజీ సంచిలో వేసుకుంది. ఎందుకు తీసుకుందో తనకే తెలియదు.

రాగం ఆ చెక్కలోంచి వస్తోందా అన్న అనుమానం ఆమెకు మొదట్లోనే వచ్చింది. ఒకరోజు గట్టి అట్టముక్కకి రబ్బరు అంటించి, దాంతో ఆరు చొక్కాలు లాగి చూసింది. బొమ్మ బాగానే పడింది, చొక్కాలు మాత్రం నోరు విప్పలేదు. మర్నాడే కొన్నవాళ్లు తెచ్చి ఇచ్చారు. "పాట పడలేదమ్మా, మళ్లీ వెయ్యండి," అన్నారు.

అప్పుడైనా ఆపి ఉండాల్సింది. ఆపలేదు. మళ్లీ ఆ చెక్క పిడే పట్టుకుంది. పాట ధ్యాసలో పని పట్టదని పాటలమ్మను వెళ్లగొట్టించి, ఇప్పుడు ఆ పాటనే అమ్ముకు తింటున్నానని తెలిసే లాగింది. లాగుతున్నప్పుడల్లా తన బొటనవేలు ఆ గుంటలో నిండకపోవడం తెలుస్తూనే ఉండేది.

ఒక మధ్యాహ్నం నర్సు కొడుకుని చంకనేసుకుని పైకి వచ్చింది.

"అక్కా, ఇవాళ ఒక సంగతి జరిగింది. వీడ్ని చూసేవాళ్లు లేక ఆసుపత్రికి తీసుకెళ్లా. లాండ్రీ దగ్గర దుప్పట్లు తీసుకుంటుంటే వీడి చొక్కా మొదలెట్టింది. అక్కడ ఇస్త్రీ చేసే ఆవిడ ఒకామె ఉంటుంది, మూగమ్మ అంటాం. మాట్లాడుతుంది గానీ, ముక్తసరి. ఇస్త్రీ పెట్టె దుప్పటి మీద అలాగే వదిలేసి వచ్చి, వీడి పొట్టకి చెవి ఆనించి వింది. తర్వాత తన గొంతు పట్టుకుని నోరు తెరిచింది. ఏమీ రాలేదు. అవతల దుప్పటి కాలిపోతున్నా పట్టించుకోలేదు."

"ఎవరు చేశారని అడిగిందా?"

"లేదక్కా. అదే నాకూ వింతగా ఉంది. అందరూ ముందు అదే అడుగుతారు కదా."

ఆ మూగమ్మ ఎవరో ఆమెకు అర్థమైంది. అడగలేదంటే తెలిసే ఉంటుంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు స్నానాల గదికి నల్ల గుడ్డ కట్టలేదు. అత్తగారు తీరిగ్గా స్నానం చేసి వచ్చి, కోడలి ముఖం చూసి, నోటి దాకా వచ్చిన హాస్యమేదో మింగేసింది.

ఆమె వెళ్లేసరికి ఆసుపత్రి లాండ్రీ వెనక పెరట్లో తడి దుప్పట్లు వరసగా ఆరేసి ఉన్నాయి. మధ్యాహ్నం విరామంలో పాటలమ్మ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. మనిషి చిక్కింది. జుట్టు ముందువైపు నెరిసింది.

"వచ్చావా," అంది. ఆ మాటలో కోపం లేదు, పలకరింపూ లేదు.

ఆమె నిలబడే చెప్పింది. "మచ్చ నాదే. ఆ రోజు నువ్వు చూడమన్నావు. నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను."

పాటలమ్మ తలెత్తింది. "చెప్పాను కదా నేను? చూడమని?"

"చెప్పావు. వెలుతురు కనిపిస్తోందన్నావు. సూదిబెజ్జమంత అన్నావు."

"ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది. నిజంగా చెప్పానా, చెప్పాననుకుని పాడుకుంటూ ఉండిపోయానా అని." పాటలమ్మ గొంతు ఒక్కసారిగా పెరిగింది. "పని పోయిందని నేను ఏడవలేదే. రెక్కలున్నాయి, ఎక్కడైనా చేసుకుంటా. పాట వల్ల పోయిందన్నావు చూడు, అది నమ్మాను. ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతుంటే రాగం వచ్చింది. భయం వేసి నోరు మూసుకున్నా. తర్వాత ఎంత పిలిచినా రాలేదు. నీ ఇంటికి వచ్చి కూర్చుందన్నమాట."

ఆమె సంచిలోంచి స్క్వీజీ తీసి ఇచ్చింది. పాటలమ్మ దాన్ని పట్టుకోగానే బొటనవేలు గుంటలో కుదురుగా కూర్చుంది. తీసి ఒళ్లో పెట్టుకుంది. అయినా రాగమేమీ రాలేదు.

"నన్ను క్షమించమని అడగడానికి..."

"అడక్కు. నాకు తెలిసిందే నాకు చెప్పి బరువు దించుకుని పోదామనుకున్నావా? పదిహేడు మంది ఉన్నారు. రోడ్డు మీద నన్ను చూస్తే అవతలి పక్కకి తప్పుకుంటారు. కాజాల వదినైతే పలకరించినా పలకదు. వాళ్లకి చెప్పు. ఆ తర్వాత నాతో మాట్లాడితే మాట్లాడు, లేకపోతే లేదు."

విరామం అయిపోయినట్టు గంట కొట్టారు. పాటలమ్మ దుప్పట్ల మధ్యలోంచి లోపలికి వెళ్లిపోయింది.

కాజాల వదిన అంటే పదిహేడు మందిలోకీ పెద్ద. గుండీ కాజాలు కుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆమె మాట మిగతావాళ్లకి వేదవాక్కు. సూపర్‌వైజరమ్మ మొదట ఆమె ఇంటికే వెళ్లింది. కాజాల వదిన కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. ఎండల గురించి, అద్దెల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. చెప్పడానికి వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది. మర్నాడు మళ్లీ వెళ్లి, మళ్లీ టీ తాగి వచ్చేసింది. అబద్ధానికి అంత గడగడా తిరిగిన నాలుక నిజానికి మొరాయించింది.

మూడో రోజు ఆమె మళ్లీ కిటికీకి నల్ల గుడ్డ కట్టింది. ఈసారి బొమ్మ లేదు, అక్షరాలే. మందు పూసి, ఎండ చూపించి, కడిగి, ఫ్రేమును సూర్యుడికి ఎత్తి పట్టి అంగుళం అంగుళం చూసింది. మూడు చోట్ల వెలుతురు కనిపించింది. మూడింటినీ మూసి మళ్లీ చూసింది. బజారు నుంచి కొత్తగా తెచ్చిన ప్లాస్టిక్ పిడి స్క్వీజీ అరచెయ్యిని కోసేస్తోంది. అలాగే లాగింది.

అత్తగారు ఆరుతున్న చొక్కాల ముందు నిలబడి కూడబలుక్కుంటూ చదివింది. "మచ్చ నాది. పాటది కాదు." ఇంకోసారి చదివింది. "పదిహేడు మందన్నావుగా? ఇవి పద్దెనిమిది ఉన్నాయే."

"ఒకటి నాకు అత్తయ్యా."

"ఇస్త్రీ నేను చేస్తా. నువ్వు కాస్త కూర్చో," అంది అత్తగారు. ఇస్త్రీ పెట్టె ఎంత ఆనించినా ఆ పద్దెనిమిదిలో ఒక్కటీ రాగం తీయలేదు.

ఆమె తన చొక్కా తొడుక్కుని, మిగతావి సంచిలో వేసుకుని బస్సెక్కింది. అది భర్త నడిపే బస్సే. ఆయన ముందున్న అద్దంలోంచి ఆమె ఛాతీ మీది అక్షరాలు చూశాడు. అద్దంలో అక్షరాలు తిరగబడతాయి కాబట్టి చదవడానికి రెండు స్టాపులు పట్టింది. ఆమె దిగాల్సిన చోట బస్సు ఆపి, ఆమె రోడ్డు దాటేదాకా కదల్చలేదు. వెనక ఎవరో విసుక్కుంటే, "దాటనివ్వండి," అన్నాడు.

కాజాల వదిన తలుపు తీసి చొక్కా చదివింది. ముఖం చదివింది. మళ్లీ చొక్కా చదివింది. "ఇన్నాళ్లూ ఆ పిల్ల పలకరిస్తే నేను ముఖం తిప్పుకున్నానే," అని, చేతిలోని చొక్కా లాక్కుని తలుపు వేసేసింది. ఈసారి కుర్చీ లేదు, టీ లేదు. ఒకామె చొక్కాను వాకిట్లోకి విసిరికొట్టింది. ఒకామె ఏడ్చింది. ఒకామె మాత్రం అంతా విని, "సరే గానీ, ఇది నాకు బిగుతవుతుంది, పెద్ద సైజు ఉందా?" అని అడిగింది. నాలుగు రోజులు తిరిగి పదిహేడూ ఇచ్చింది. అన్ని గుమ్మాల్లోనూ తలవంచుకునే నిలబడింది. బరువు దిగిందని ఏ గుమ్మంలోనూ అనిపించలేదు.

ఐదో రోజు పొద్దున నర్సు మెట్లెక్కి వచ్చింది. "అక్కా, వీడి చొక్కా పాడట్లేదు."

వీధిలో ఏ చొక్కా పాడట్లేదు. బస్సులోనూ అంతే. "ఉతికి ఉతికి అయిపోయుంటుందిలే," అనుకున్నారు జనం. కొత్తవి అడిగేవాళ్లు తగ్గిపోయారు. నర్సు కొడుకు రెండు సాయంత్రాలు ఏడ్చి, మూడో సాయంత్రం బొటనవేలు నోట్లో పెట్టుకోవడం నేర్చుకున్నాడు. "ఎవరి గొంతు వాళ్లకి చేరింది," అంది అత్తగారు. ఆ గొంతు ఎవరిదో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మిగతా కథ నర్సు నోటి మీదుగానే తెలిసింది. ఒక మధ్యాహ్నం పదిహేడు మంది ఆడవాళ్లు లాండ్రీ పెరట్లోకి వచ్చి, తడి దుప్పట్ల మధ్య వరసగా నిలబడ్డారట. కొందరు అవే చొక్కాలు తొడుక్కున్నారట. అందరిలోకీ పెద్దావిడ ముందుకు వచ్చి, "మేం అద్దెకి హాలు తీసుకుని ఆరు కుట్టు మిషన్లతో పని మొదలెట్టామమ్మా. చేతులు ఆడట్లేదు మాకు. రా," అందట. మూగమ్మ నోరు తెరిచి, ఏదో చెప్పబోతే మాటకి బదులు రాగం వచ్చిందట. మర్నాటి నుంచి లాండ్రీ మానేసింది.

నెల తర్వాత, ఒక సోమవారం ఉదయం, తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే పాటలమ్మ. చేతిలో కాగితం చుట్ట ఉంది.

"మా హాల్లో అచ్చు పని మొదలెట్టాం. లాగడం నేను చూసుకుంటా. ఫ్రేములకి గుడ్డ బిగించి, మందు పూసి, తయారు చేసి ఇచ్చేవాళ్లు కావాలి. మీరైతే బాగా చేస్తారని కాజాల వదిన చెప్పింది. మీకు వీలవుతుందా?"

మీరు. పెరట్లో అంత కోపంలోనూ నువ్వనే అంది. ఇప్పుడు కోపం లేదు, అందుకే మీరంటోంది. ఆమె తలుపు పూర్తిగా తీసింది. లోపలికి రమ్మందామనుకుంది. కూర్చోమందామనుకుంది. ఏమే, ఎలా ఉన్నావే అందామని నోటి చివరి దాకా వచ్చింది.

"వీలవుతుందండీ," అంది.

"నాలుగు కావాలి. గురువారానికి ఇవ్వగలరా?"

"ఇస్తానండీ."

పాటలమ్మ కాగితం చుట్ట అందించి, కొలతలు రెండుసార్లు చెప్పి, తలూపి వెనక్కి తిరిగింది. సగం మెట్లు దిగాక రాగం మొదలైంది. తను తీస్తున్నట్టు ఆమెకే తెలియదు. కింది వాటాలో పసివాడు ఒక్కసారి కేరింత కొట్టాడు. రాగం గేటు దాటి, వీధి మలుపు తిరిగి, బస్సుల చప్పుడులో కలిసిపోయేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది.

తర్వాత లోపలికి వెళ్లి మొదటి ఫ్రేము తీసి, గుడ్డ బిగించడం మొదలుపెట్టింది. గురువారం ఎంతో దూరంలో లేదు.